బడి ఎవరు మానారు, ఎవరు మాన్పించారు?
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పాఠశాల విద్య: బాధ్యత గురించి ఒక చారిత్రక పరిశీలన

1. పరిచయం



దక్షిణ తెలంగాణలోని రెండు మెట్ట జిల్లాలు నల్లగొండ, మహబూబ్‌నగర్. ఈ భాగంలో ఆ జిల్లాల పాఠశాల విద్య చరిత్రను ఒకే ఒక ప్రశ్న చుట్టూ చదువుదాం. పిల్లలకు చదువు మీద ఆసక్తి ఎందుకు పోతుంది, అందుకు బాధ్యులెవరు అన్నదే ఆ ప్రశ్న. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలను విడదీసి కొత్త జిల్లాలు చేశారు. ఇక్కడ జిల్లా అన్నప్పుడల్లా పాత సరిహద్దులనే దృష్టిలో పెట్టుకోండి. సూర్యాపేట, భువనగిరి పాత నల్లగొండలోవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నారాయణపేట పాత మహబూబ్‌నగర్‌లోవి.

ఈ ప్రశ్న మీకు దూరపుది కాదు. 1982లో మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, లాంఛనంగా చదువు పూర్తికాని వారికి కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో చేరే వీలు కల్పించింది. ఆ దారిన వచ్చిన ఎందరినో ఒకప్పుడు ఏదో ఒక బడి రిజిస్టరు మానేసినవారిగా రాసుకుంది. వారికి నిజంగానే ఆసక్తి లేకపోతే పదేళ్లకో ఇరవై ఏళ్లకో, పొలం పనుల మధ్య, డ్యూటీల మధ్య, పసిపిల్లలను పడుకోబెట్టాక మళ్లీ పుస్తకం ఎందుకు పట్టారు? ఈ చిక్కుముడిని విప్పడమే మన పని.

ఈ భాగం చదివాక మీరు మూడు పనులు చేయగలగాలి. చదువు ఆగిపోవడానికి కారణమేది, ఫలితమేది అని వేరుచేసి చెప్పగలగాలి. నిజాం కాలం నుంచి నేటివరకు ఈ రెండు జిల్లాల్లో బడికీ పిల్లలకూ మధ్య నిలిచిన అడ్డంకులను వివరించగలగాలి. ఆ అడ్డంకులకు ఎవరి బాధ్యత ఎంత అన్నది ఆధారాలతో చర్చించగలగాలి.

2. మాటల్లో దాగిన తీర్పు

చదువు ఆగిన పిల్లవాని గురించి మన ఊళ్లలో మూడు రకాలుగా చెబుతారు. "వానికి సదువు అబ్బలే" అనేది ఒకటి. ఇందులో తప్పు ఎవరిదీ కాదు, తలరాతది. "బడి బంద్ పెట్టిండు" అనేది రెండోది. ఇక్కడ కర్త పిల్లవాడే. "బడి మాన్పించిన్రు" అనేది మూడోది. ఇప్పుడు వేలు తల్లిదండ్రుల వైపు తిరిగింది. జరిగింది ఒకటే అయినా, క్రియ మారినప్పుడల్లా దోషి మారిపోతున్నాడు. ఆ తల్లిదండ్రుల చేత బడి ఎవరు మాన్పించారు అనే నాలుగో వాక్యం మాత్రం మన వాడుకలో అరుదుగా వినిపిస్తుంది.

ప్రభుత్వ లెక్కల్లోనూ ఇదే జరుగుతుంది. జాతీయ నమూనా సర్వేలు చదువు ఆపడానికి కారణం అడుగుతాయి. అందులో ఎంచుకోవడానికి ఇచ్చే జవాబుల్లో పిల్లలకు చదువుపై ఆసక్తి లేదు అనేది కూడా ఒకటి. అడిగిన వారు నిజాయితీగానే రాసుకుంటారు, చెప్పిన వారూ అబద్ధం చెప్పరు. అయినా చరిత్ర విద్యార్థి అక్కడ ఆగి, ఆ జవాబు ఏ దశలో చెప్పిందని అడగాలి. ఏడాదికి నాలుగు నెలలు కూలికి పోయి, తిరిగి వచ్చేసరికి భాగాహారాలు దాటిపోయి, బోర్డు మీద రాసింది అర్థం కాక, అడిగితే దెబ్బ పడి, చివరికి నేను పోనని మొండికేసిన పిల్లవానికి ఆ రోజున ఆసక్తి లేదన్నది నిజమే. కానీ అది కథలో చివరి పేజీ. దాన్నే మొదటి పేజీగా చదివితే ఫలితం కారణంగా కనబడుతుంది. ముందు పేజీలు తిరగేద్దాం.

3. నిజాం కాలం: అందని బడి

3.1 భాష

హైదరాబాద్ రాజ్యంలో 1884 నుంచి ఫార్సీ స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది. నల్లగొండలోనూ పాలమూరులోనూ అత్యధికుల ఇంటిభాష తెలుగు. కింది తరగతుల్లో తెలుగుకు కొంత చోటున్నా, పైకి పోయేకొద్దీ చదువంతా ఉర్దూలోనే సాగేది. కచ్చేరీలో ఉద్యోగం కావాలన్నా ఉర్దూయే దిక్కు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషు బదులు ఉర్దూను బోధనాభాషగా తీసుకుంది. ఒక భారతీయ భాషలో ఆధునిక ఉన్నత విద్యను అందించడం దేశ చరిత్రలో గొప్ప ప్రయోగమే. అయితే తెలుగు రైతు బిడ్డకు ఇంగ్లీషు ఎంత పరాయిదో బడిలోని ఉర్దూ కూడా దాదాపు అంత పరాయిదే. అర్థం కాని మాటను వల్లె వేయడంతో మొదలయ్యే చదువు మీద ఇష్టం పుట్టడం కష్టం.

3.2 ఖానిగీ బడి

సర్కారు బడి లేని ఊళ్లలో పంతుళ్లు నడిపే ప్రైవేటు బడులు ఉండేవి. వాటిని ఖానిగీ బడులు అనేవారు. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, ఎక్కాలు అప్పజెప్పించుకోవడం, పెద్దబాలశిక్ష చదివించడం వాటి పద్ధతి. పంతులుకు జీతం ధాన్యం రూపంలోనో ఇంటింటికింత అనో ముట్టేది. ఆ బడులను మనం అతిగా పొగడనక్కర లేదు. కోదండం వేయడం, గోడకుర్చీ, బెత్తం ఆ బడుల్లో మామూలు. దళితుల పిల్లలకు వాటి అరుగు మీద చోటు లేదు, ఆడపిల్లలు అరుదు. అయినా ఊరు తన ఖర్చుతో తాను నడుపుకున్న బడులవి. 1920లలో ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా ప్రైవేటు బడులు నడపరాదని నిబంధన పెట్టడంతో అలాంటివి ఎన్నో మూతపడ్డాయి. మూతపడిన వాటికి బదులుగా సర్కారు బడులు అదే వేగంతో రాలేదు.

3.3 భూమి, వెట్టి, జీతం

రాజ్యంలోని భూమి అంతా దివానీ ప్రభుత్వం కింద లేదు. నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్ భూములు, జాగీర్లు, సంస్థానాలు విడిగా ఉండేవి. మహబూబ్‌నగర్ ప్రాంతంలో గద్వాల, వనపర్తి, కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు, ఆత్మకూరు కేంద్రంగా ఉన్న అమరచింత వంటి సంస్థానాలు ఉండేవి. కవులను, పండితులను ఆదరించడంలో వీటికి పేరుంది. కానీ పండితునికి అగ్రహారం ఇవ్వడం వేరు, పశువులు కాసే పిల్లవానికి పలక ఇవ్వడం వేరు.

నల్లగొండ పల్లెల్లో దేశ్‌ముఖుల పెత్తనం, పటేలు పట్వారీల అధికారం, వెట్టిచాకిరి కలిసి పిల్లల జీవితాన్ని నిర్ణయించాయి. అప్పు తీర్చలేని తండ్రి దొర దగ్గర భగేలా అయ్యేవాడు, అంటే అప్పుకింద జీతగాడు. తండ్రి జీతగాడైతే కొడుకు దొర పసులు కాయాలి, బిడ్డ గడీలో చాకిరి చేయాలి. భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వమే 1936లో ఒక చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆ వ్యవస్థ ఎంత విస్తరించి ఉండేదో ఊహించవచ్చు. ఆ చట్టం కాగితం దాటి పెద్దగా పోలేదు. దేశమంతటా వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేసిన చట్టం 1976లో గానీ రాలేదు. ఇలాంటి ఇంటి పిల్లవానికి ఆసక్తి ఉందా లేదా అన్న ప్రశ్నే తలెత్తలేదు. బడికి పోవాలా వద్దా అన్న నిర్ణయం వాని చేతిలోనూ లేదు, వాని తండ్రి చేతిలోనూ లేదు.

3.4 ఆసక్తికి సాక్ష్యాలు

అక్షరం మీద ఈ నేలకు ఆశ లేదనడానికి మాత్రం చరిత్ర ఒప్పుకోదు. నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు 1922లో నీలగిరి పత్రికను నడిపారు. పట్టణంలో గ్రంథాలయం స్థాపించడంలోనూ ఆయన ముందున్నారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, ఆయన వాదనకు దిగకుండా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపించారు. లేరు అన్న మాటకు సాక్ష్యం వెతికి బదులివ్వడం ఎలాగో మనం ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఆసక్తి లేదు అన్న మాటను కూడా అలాగే పరీక్షించాలి.

1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభలు ఈ రెండు జిల్లాల గడ్డ మీదివే. మాతృభాషలో చదువు, మరిన్ని బడులు కావాలన్నది మహాసభ ఉద్యమం పదేపదే చేసిన డిమాండు. 1928లో హైదరాబాద్ నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు తెలుగు మాధ్యమంలో బాలికల ఉన్నత పాఠశాల పెట్టినప్పుడు ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. పుణెలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపుతో దాన్ని నడిపారు. పిల్లను తల్లిభాషలో చదివించడానికి మరో రాష్ట్రపు విశ్వవిద్యాలయం తలుపు తట్టిన సమాజాన్ని ఆసక్తి లేనిదని అనలేం.

4. 1948 తరువాత: మాట, అమలు

1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. బోధన తెలుగులోకి మారింది, భాష అనే మొదటి గోడ చాలామందికి కూలింది. కానీ 1951 జనగణన నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి పదిమంది కూడా లేరు. అంటే బడి ఈడు పిల్లల్లో అత్యధికుల ఇంట్లో చదువు చెప్పగలిగిన మనిషే లేడు. మొదటి తరం విద్యార్థికి బడిలో చెప్పిందే చదువు. అక్కడ అర్థం కాకపోతే అడగడానికి ఇంకో చోటు లేదు.

రాజ్యాంగం 45వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు ప్రభుత్వం కృషి చేయాలని, అదీ పదేళ్లలో చేయాలని చెప్పింది. ఆ లెక్కన గడువు 1960. ఆదేశిక సూత్రాల్లో కాలపరిమితి పెట్టినది ఇదొక్కటే. అయినా గడువు దాటిపోయినందుకు ఎవరూ జవాబు చెప్పాల్సిన పని పడలేదు, ఎందుకంటే ఆదేశిక సూత్రం మీద కోర్టుకు పోలేం. ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 1993లో పద్నాలుగేళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణం చేరింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 1960కి, 2010కి మధ్య సరిగ్గా యాభై ఏళ్లు. ఒక తాత, ఒక తండ్రి, ఒక మనవడు బడి ఈడు దాటిపోయేంత కాలమది.

ఈ మధ్యకాలంలో ఒక వెలుగురేఖ నల్లగొండ జిల్లాలోనే కనబడింది. పి.వి. నరసింహారావు విద్యాశాఖ మంత్రిగా ఉన్నప్పుడు తలపెట్టిన గురుకుల పాఠశాలల్లో మొదటిది 1971లో సర్వేల్‌లో మొదలైంది. పల్లెటూరి పేద పిల్లలకు తిండి, బట్ట, పుస్తకం, దగ్గరుండి చూసే ఉపాధ్యాయుడు దొరికితే వారు ఎవరికీ తీసిపోరని సర్వేల్ రుజువు చేసింది. అయితే గురుకులంలో సీట్లు కొద్ది, చేరడానికి పరీక్ష రాయాలి. ఎంపికైన పిల్లవాని వెనక ఊరి బడిలోనే మిగిలిన పిల్లలు ఎందరో ఉంటారు. సర్వేల్‌లో పనిచేసినదేమిటో తెలిశాక కూడా దాన్ని ప్రతి ఊరి బడికీ ఎందుకు తీసుకుపోలేదన్న ప్రశ్న మిగిలింది.

5. బడి క్యాలెండరు, పని క్యాలెండరు

5.1 వలస

కృష్ణ, తుంగభద్ర నదులు పాలమూరు నేలను ఒరుసుకుంటూ పారుతాయి. అయినా జిల్లాలో అధికభాగం వానమీద ఆధారపడ్డ మెట్ట. వానాకాలం పంట చేతికొచ్చాక ఊళ్లో పని ఉండదు. అప్పుడు గుంపు మేస్త్రి వస్తాడు, కుటుంబానికి ఇంతని అడ్వాన్సు ఇస్తాడు, గుంపును పనిచోటికి తీసుకుపోతాడు. దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు పాలమూరు కూలీల చేతుల మీదుగా లేచాయి. నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు నుంచి ముంబయి, పుణెలకు పోయే కుటుంబాల సంగతి మీకు తెలిసిందే.

ఇప్పుడు రెండు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి చూడండి. బడి జూన్‌లో తెరుస్తారు, ఏప్రిల్‌లో మూస్తారు. వలస పోయేది పంట ఇంటికి చేరిన తరువాత, తిరిగి వచ్చేది తొలకరికి. అంటే విద్యాసంవత్సరంలో రెండో సగం పూర్తిగా పోయింది. ముసలివాళ్లున్న ఇల్లయితే పిల్లలను వదిలిపోతారు, లేకపోతే వెంట తీసుకుపోతారు. వెంటపోయిన పెద్దబిడ్డ పనిచోట తమ్ముళ్లను ఆడిస్తుంది, వంట చేస్తుంది. వచ్చే జూన్‌లో ఆమె పై తరగతిలో కూర్చుంటుంది, కింది తరగతి సగం పాఠాలు లేకుండానే. ఇలా రెండేళ్లు గడిస్తే పాఠం ఆమెకు తెగిపోయిన దారం.

5.2 విత్తనపత్తి

గద్వాల ప్రాంతంలో హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. ప్రతి పూమొగ్గనూ సాయంత్రం పూట చేత్తో విప్పి మగభాగాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మరో రకం పూల పుప్పొడిని దానికి అద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక్కరోజు కూడా ఆపడానికి లేదు, పూత ఉన్నన్నాళ్లు రెండు మూడు నెలలు సాగుతుంది. ఈ పనికి ఆడపిల్లలను ఎక్కువగా పెట్టారు. వారి వేళ్లు సన్నగా ఉంటాయనీ, పూవు నలగదనీ కారణం చెప్పేవారు. కూలి తక్కువన్నది పైకి చెప్పని కారణం. విత్తన కంపెనీ ఆర్గనైజరుకు ధర కడుతుంది, ఆర్గనైజరు రైతుకు అప్పు పెడతాడు, రైతు పిల్ల తల్లిదండ్రులకు ముందే డబ్బు ఇస్తాడు. ఈ గొలుసులో చివరి కొక్కెం పిల్ల చేయి. గత శతాబ్ది చివరి నుంచి పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలు దీన్ని బయటపెట్టడంతో కంపెనీల మీద ఒత్తిడి వచ్చింది, కొంత తగ్గింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు వారిని పనిలో పెట్టడాన్ని నిషేధించింది. కానీ బడివేళల తరువాత కుటుంబ పనిలో సాయపడవచ్చని సందు వదిలింది. పొద్దున, సాయంత్రం జరిగే క్రాసింగ్ పనికి ఆ సందు ఎంత అనువుగా ఉందో ఆలోచించండి.

ఇది మన దగ్గరే పుట్టిన వింత అనుకోవద్దు. ఇంగ్లండులో 1844 నాటి ఫ్యాక్టరీ చట్టం మిల్లు పిల్లలకు సగం పూట పని, సగం పూట చదువు అనే పద్ధతి పెట్టింది. అలసిన పిల్లలు తరగతిలో కునుకుపాట్లు పడితే వారికి శ్రద్ధ లేదన్నారు. పిల్లల కూలి తప్పదని మిల్లు యజమానులూ వాదించారు, తల్లిదండ్రులూ వాదించారు. 1918 చట్టం ఆ పద్ధతిని రద్దు చేయడానికి పూనుకున్నాక పిల్లలు పూర్తిపూట బడికి వచ్చారు. పత్తి అదే, చిన్న వేళ్లు అవే. అక్కడ చట్టం గట్టిగా నిలబడింది, అదే తేడా.

5.3 నీళ్లు

నల్లగొండ జిల్లాకు ఇంకో శాపం ఫ్లోరైడు. మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి ప్రాంతాల్లో తరతరాలు ఆ నీళ్లు తాగి పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగాయి. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే విధానం రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరొచ్చింది, ప్రపంచమంతా ఆ పేరుతో చదువుకుంది. అదే జిల్లాలో ఆడపిల్లలు మంచినీళ్ల కోసం బిందెతో దూరం నడుస్తూనే ఉన్నారు. కాళ్లు వంగిన పిల్లవానికి కిలోమీటరు దూరంలోని బడి ఎంత దూరమో హాజరు పట్టీ చెప్పదు. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి రావడం మొదలయ్యాక పరిస్థితి మెరుగుపడింది. కానీ అప్పటికే దెబ్బతిన్న తరం వెనక్కి తిరిగి బడికి పోలేదు.

6. తరగతి గదిలో

బడి బయట ఇన్ని ఉన్నాయని బడి లోపలివారికి బాధ్యత లేదనలేం. చాలా ఊళ్లలో ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులు చూసేవాడు. ఒక తరగతికి పాఠం చెబుతుంటే నాలుగు తరగతులు ఊరకే కూర్చునేవి. అది అతని తప్పు కాదు. కానీ పిల్లవానిని కులం పేరుతో పిలవడం, వాని చేత గిన్నెలు కడిగించడం, తప్పు చేస్తే చావగొట్టడం చేసినచోట అది అతని తప్పే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. కోదండం పోయింది, బెత్తం చాలాచోట్ల పోయింది. "నీకు రాదు, కూర్చో" అనే మాట మాత్రం ఇంకా పోలేదు. దాన్ని పదిసార్లు విన్న పిల్లవాడు పదకొండోసారి తానే నమ్ముతాడు.

భాష సమస్య కూడా రూపం మార్చుకుని తిరిగొచ్చింది. దేవరకొండ మెట్టల్లోనూ పాలమూరు తండాల్లోనూ లంబాడీ పిల్లల ఇంటిభాష వేరు. వారికి ఒకటో తరగతి తెలుగు పుస్తకం, ఒకనాటి తెలుగు పిల్లవానికి ఉర్దూ పుస్తకం లాంటిది. నల్లమలలోని చెంచు పిల్లలకు ఊరి బడి వాతావరణమే పరాయిది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. తల్లిదండ్రులు కోరుకున్నారు గనుకే అది వచ్చింది, ఆ కోరికను చులకన చేయలేం. పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లోనూ అచ్చువేశారు. అయితే పిల్లవానికి తెలిసిన భాష మీదుగా తెలియని భాషకు తీసుకుపోయే ఉపాధ్యాయుడు లేకపోతే, వందేళ్ల కిందటి కథ కొత్త లిపిలో మళ్లీ నడుస్తుంది.

7. అడ్డు తొలగినప్పుడు ఏమైంది?

ఇప్పటిదాకా చూసినవన్నీ నిజంగా కారణాలేనా అని పరీక్షించే మార్గం ఒకటుంది. అడ్డును తీసేసి, ఆసక్తి లేదన్న పిల్లలు ఏం చేశారో చూడటం. ఈ రెండు జిల్లాలకు పొరుగునే ఉన్న రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్, ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో ఇదే చేసింది. మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పడిన సంస్థ ఇది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వారి సూత్రం. పని చేస్తూ రాత్రిబడికి రావడం కాదు, పని పూర్తిగా మాని పగటిబడికి రావాలన్నారు. జీతం నుంచి విడిపించిన పిల్లలను శిబిరాల్లో ఉంచి, బ్రిడ్జి కోర్సు ద్వారా వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేశారు. ఈ పని తరువాత నల్లగొండ సహా ఇతర జిల్లాలకు పాకింది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు లభించింది. తల్లిదండ్రుల్లో చాలామంది కూలి డబ్బు పోతున్నా పిల్లలను పంపారు. ఆసక్తి కొత్తగా పుట్టలేదు, దానికి దారి దొరికింది.

మధ్యాహ్న భోజనం మరో సాక్ష్యం. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించాక, 2003లో మన రాష్ట్రంలో అది మొదలైంది. ఆకలితో పాఠం వినే పిల్లవానికి గంట కొట్టేదాకా మనసంతా గంట మీదే ఉంటుంది. 2004లో వచ్చిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలకు వసతితో కూడిన బడి ఇచ్చాయి.

జనగణన లెక్కలు ఈ మార్పు వేగాన్నీ దాని కొరతనూ రెంటినీ చూపుతాయి. మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 2001లో సుమారు 44 శాతం, 2011లో 55 శాతం. నల్లగొండలో అదే కాలంలో సుమారు 57 నుంచి 64 శాతానికి పెరిగింది. పదేళ్లలో పాలమూరు పదకొండు మెట్లు ఎక్కింది. అయినా 2011లోనూ ఉమ్మడి రాష్ట్రంలో అట్టడుగునే ఉంది.

8. బాధ్యత ఎవరిది?

అందరిదీ అనేది సులభమైన జవాబు. అందరిదీ అంటే చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. బాధ్యతను తూచడానికి చరిత్ర మనకొక త్రాసు ఇస్తుంది: ఎవరు తమ నిర్ణయం మార్చుకుంటే పిల్లవాడు బడిలో ఉండగలిగేవాడు?

ఈ త్రాసులో పిల్లవాని తట్ట తేలిపోతుంది. తల్లిదండ్రుల తట్టలో కొంత బరువుంది. ముఖ్యంగా కొడుకును పంపి బిడ్డను ఆపినచోట, తిండికి లోటు లేకున్నా పన్నెండేళ్లకే పెళ్లి మాట ఎత్తినచోట వారు జవాబుదారులే. అడ్వాన్సు తీసుకోక గతిలేనిచోట ఆ బరువు వారిది కాదు. ఉపాధ్యాయుడు వలసను ఆపలేడు గానీ తిరిగి వచ్చిన పిల్లను "ఇన్నాళ్లూ ఏడికి పోయినవ్?" అని గద్దిస్తాడా, తప్పిపోయిన పాఠం దగ్గర కూర్చోబెడతాడా అన్నది అతని చేతిలోనే ఉంది. దొర, మేస్త్రి, ఆర్గనైజరు, కంపెనీ పిల్లల పని వల్ల నేరుగా లాభపడ్డారు. సర్వేల గడుల్లో వారి పేరు రాయడానికి చోటే ఉండదు. అన్నిటికన్నా బరువైన తట్ట ప్రభుత్వానిది. బడి ఎక్కడ పెట్టాలి, ఏ భాషలో చెప్పాలి, నీళ్లు ఎటు పారాలి, ఏ చట్టాన్ని అమలు చేయాలి అన్న నిర్ణయాలన్నీ దాని చేతిలోవే. నిజాం ప్రభుత్వానికీ ఇది వర్తిస్తుంది, ఆ తరువాత మనం ఓటేసి ఎన్నుకున్న ప్రభుత్వాలకూ వర్తిస్తుంది. ఓటేసినవారిగా మనకూ అందులో వంతుంది.

ఇది కేవలం గతం లెక్క తేల్చడం కాదు. పిల్లవానికి ఆసక్తి లేదని నమ్మిన అధికారి అవగాహన సదస్సు పెడతాడు. క్యాలెండర్లు ఢీకొంటున్నాయని గుర్తించిన అధికారి వలస కుటుంబాల పిల్లలకు ఊళ్లోనే సీజనల్ హాస్టల్ తెరుస్తాడు. కారణాన్ని ఎక్కడ చూస్తామో మందును అక్కడే రాస్తాం.

9. సారాంశం

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పిల్లలు చదువుకు దూరం కావడానికి పరాయి బోధనాభాష, మూతపడ్డ ఖానిగీ బడులు, వెట్టి, భగేలా, అమలుకాని రాజ్యాంగ గడువు, వలస, విత్తనపత్తి పని, ఫ్లోరైడు నీళ్లు, అవమానించే తరగతి గది వేర్వేరు కాలాల్లో కారణమయ్యాయి. ఆసక్తి లేకపోవడం వీటి ఫలితం. అడ్డంకులు తొలగినచోట అదే కుటుంబాల పిల్లలు బడికి వచ్చారు. బాధ్యత అందరికీ ఉన్నా అందరికీ సమానం కాదు. ఎవరికి అధికారం ఎక్కువో వారికి బాధ్యత ఎక్కువ.

10. మీ అవగాహనను పరీక్షించుకోండి

అ) "ఆసక్తి లేకపోవడం కారణం కాదు, ఫలితం." ఈ వాక్యాన్ని పై పాఠంలోని రెండు ఉదాహరణలతో వివరించండి. ఈ వాదన వర్తించని సందర్భాలేమైనా ఉన్నాయా?

ఆ) నిజాం కాలంలో తెలుగు పిల్లలకు ఎదురైన భాషా సమస్యను, నేడు తండా పిల్లలకు ఎదురయ్యే సమస్యతో పోల్చండి.

ఇ) మీ ఊళ్లో బడి క్యాలెండరును, పని క్యాలెండరును నెలల వారీగా పక్కపక్కన రాయండి. రెండూ ఎక్కడ ఢీకొంటున్నాయో గుర్తించండి.

ఈ) మీ కుటుంబంలో చదువు మధ్యలో ఆగిన ఒక పెద్దమనిషిని అడిగి, అది ఎందుకు ఆగిందో ఒక పేజీ రాయండి. మొదట ఆమె లేక ఆయన చెప్పిన మాటల్లోనే రాయండి. తరువాత ప్రతి వాక్యం కిందా గీత గీసి, ఆ క్రియకు కర్త ఎవరో గుర్తించండి. కర్త కనబడని వాక్యాల దగ్గర ఆగి ఇంకో ప్రశ్న అడగండి. అక్కడ దొరికే జవాబు మీ ఊరి విద్యా చరిత్రకు మొదటి ఆధారం అవుతుంది.